ఐదు రాని ముగ్గు

చర్చి ముందు ముగ్గు వేశానని నన్ను సండే స్కూలు నుంచి తీసేశారు. నేను ముగ్గు వేయలేదు. చుక్కలు పెట్టాను. చుక్కలు వేరు, ముగ్గు వేరు. గీత కలిస్తేనే ముగ్గు. ఈ తేడా మా సంఘంలో పసిపిల్లలతో సహా అందరికీ తెలుసు. తెలిసే తీసేశారు.

యాభైల చివర జరిగింది ఇది. ఇన్నేళ్లయిందిగా, ఇప్పుడెందుకు అని మా ఇంట్లోవాళ్లే అంటారు. ఏళ్లు గడిచినంత మాత్రాన చుక్క ముగ్గయిపోదు గదా.

మాది మైపాడుకు కాస్త ఎడంగా, సముద్రపు హోరు వినిపించేటంత దూరంలో ఉన్న ఊరు. తూర్పున వలలవాళ్ల ఇళ్లు, పడమర వరి పండించే రైతుల ఇళ్లు, నడుమ మా క్రైస్తవుల వీధి, పెంకులు కప్పిన చర్చి. నేను దర్జీని, ఆదివారాలు సండే స్కూలు పాఠం చెప్పేవాణ్ణి. బడి నాకు అయిదో తరగతితో సరి. మా నాయన పోయాక మేనమామ నన్ను కుట్టు మిషను ముందు కూర్చోబెట్టాడు. మిగిలిన చదువంతా గుడ్డ మీదే చదువుకున్నాను. ఇది గొప్పకు చెప్పడం లేదు, తక్కువకూ చెప్పడం లేదు. చదువు ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకోవాలి, అంతే.

దర్జీకి మొదట తెలిసేది మడత. గుడ్డను నడిమికి మడిచి ఒక్క కోత కోస్తే రెండు పక్కలూ ఒకటిగా వస్తాయి. తమలపాకును ఈనె మీద మడిచి చూడండి, సీతాకోకచిలుక రెక్కలు మూసినప్పుడు చూడండి, అదే మడత. మనిషిని కూడా దేవుడు మడతపెట్టే కోశాడు. కానీ కోసేటప్పుడు మడత పిసరంత జారింది. టేపు పెట్టి కొలిచేవాడికి ఆ సంగతి తెలుస్తుంది. రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. పెళ్లికొడుకులు కోటు కుట్టించుకోవడానికి వచ్చి ఛాతీ విరుచుకుని నిలబడేవాళ్లు. కుడి భుజం దిగి ఉందని చెబితే నా టేపు వంకరన్నట్టు చూసేవాళ్లు. ఇక సముద్రంలో నాలిక చేప ఉంది, దానికి రెండు కళ్లూ ఒకే పక్కన. ఇసుకలో ఒక రకం పీత ఉంది, ఒక చెయ్యి సుత్తి, ఒక చెయ్యి సూది. మడత పాటించే చోట పాటించి, పాటించని చోట పాటించకపోవడం చూస్తే, చేసినవాడికి పనితనంతో పాటు కొంచెం ఎకసెక్కం కూడా ఉందని నా నమ్మకం.

మడత దగ్గర నేను ఆగిపోయి ఉంటే ఏ గొడవా లేదు. ఒకనాడు అలలు తీసిన తరువాత తడి ఇసుకలో బిళ్లలాంటి గుల్ల ఒకటి దొరికింది. రూపాయి బిళ్లకన్నా పెద్దది, బిస్కెట్టులా పలచన. దాని మీద అచ్చు గుద్దినట్టు ఐదు రేకుల పువ్వు. సముద్రం అడుగున బతికే ప్రాణి ఒంటి మీద పువ్వేమిటి, ఆ పువ్వుకు ఐదే రేకులేమిటి అని నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆ రోజుల్లోనే వలలో పడ్డ చుక్క చేపను చూశాను, దానికీ ఐదు చేతులు. ఇంటి వెనక జిల్లేడు పువ్వు చూశాను, ఐదు. ఉమ్మెత్త, ఐదు. మందారం, ఐదు. బొప్పాయిని అడ్డంగా కోస్తే నడుమ ఖాళీ ఐదు మూలల చుక్క. అప్పటినుంచి నా భార్యకు కష్టకాలం మొదలైంది.

"ఆ బెండకాయలు ఇట్టియ్, ఒకటి అడ్డంగా కోసి చూస్తా" అనేవాణ్ణి.

"నిన్న కోసింది చాల్లేదా? ఇయ్యాల బెండకాయకు రెండు కాళ్లు మొలిచి ఉంటాయా?"

"లోపల ఐదు గళ్లున్నాయా లేదా చూడాలి."

"ఇదిగో, దీనికి ఏడుండాయి. చూసుకో. ఇప్పుడు ఏం జేస్తావ్? కాయను కొడతావా?"

నిజమే. నాటు బెండకాయలకు ఏడు, ఎనిమిది కూడా ఉంటాయి. నా మాటకు అడ్డం వచ్చిన కాయను నేను ఎన్నడూ దాచలేదు. ఏడు గళ్ల కాయను షాపులో దారపు ఉండల పక్కనే పెట్టుకున్నాను, అది ఎండి గట్టిపడేదాకా. అయినా ఐదు మాట ఐదుదే. ప్రాణమున్న వాటిలో అది అంత విరివిగా ఎందుకు వస్తుంది అన్నదే నా ప్రశ్న.

ప్రాణం లేనివాటిలో చూస్తే ఐదు కనపడదు. ఉప్పు మళ్లలో తేలిన పలుకులు చూడండి, నాలుగు పలకలు. తేనెపట్టు ఈగలు కట్టిందే గానీ, అది ఈగ కాదు, ఈగ కట్టిన ఇల్లు. దానికి ఆరు మూలలు. ఐదు మూలల గది కట్టిన ఈగ లేదు. ఎందుకు లేదో నాకు బొంత చెప్పింది.

కత్తిరించగా మిగిలిన ముక్కలతో మా వీధిలో బొంతలు కుట్టేవాణ్ణి. నలుచదరం ముక్కలు ఒకదాని పక్కన ఒకటి చక్కగా ఒదుగుతాయి. ఆరు మూలల ముక్కలూ ఒదుగుతాయి. సరే, ఐదు మూలల ముక్కలతో కుడదామని అట్ట కోసుకుని, ఆ కొలతకు ముక్కలు కత్తిరించాను. మూడు ముక్కలు ఒక మూల దగ్గర కలిపితే నడుమ కొంచెం ఎడం మిగిలింది. ఆ ఎడంలో నాలుగోది పట్టదు. పోనీలెమ్మని లాగి కుట్టాను. గుడ్డ పైకి లేచింది. ఇంకోటి కలిపాను, ఇంకా లేచింది.

మా ఆవిడ వచ్చి చూసి, "ఇది బొంతనా, బుట్టనా?" అంది. "దీన్ని కప్పుకుంటే మనిషి ఉండచుట్టుకోని పడుకోవాల."

ఆమె నవ్విపోయింది గానీ నేను కుట్టుకుంటూ పోయాను. పన్నెండు ముక్కలయ్యేసరికి అది చుట్టూ తిరిగి తనంతట తానే మూసుకుంది. చేతిలో గుండ్రటి బంతి. కొబ్బరి పీచు కూరితే పిలకాయలు వీధంతా తన్నుకుంటూ తిరిగారు, చివరకు సముద్రం పట్టుకుపోయింది. నాకు మాత్రం ఆ బంతితో ఒక సంగతి తెలిసిపోయింది. ఐదు నేల మీద పరుచుకోదు. పక్కవాడితో అతుక్కుని బారులు తీరేవాటికి నాలుగు, ఆరు. ఎవరితోనూ అతుక్కోనక్కర లేకుండా ఒంటిగా నిలిచేవాటికి ఐదు కుదురుతుంది. ఉప్పు పలుకు పక్కన ఉప్పు పలుకు ఉండాలి. పువ్వు పక్కన పువ్వు అంటుకుని ఉండాల్సిన పనేముంది? అప్పటికి ఇది నాకు ఎవరో నేర్పగా నేర్చుకున్నది కాదు. ఇలాంటిది నాకన్నా చాలా ముందే లెక్కకట్టి చూపినవాళ్లున్నారని తరువాత చదివాను. ఒకే బొమ్మ తిరిగి తిరిగి రావాలన్న పట్టు వదిలేస్తే ఐదుతో కూడా నేలంతా పరచవచ్చని కూడా చదివాను. పట్టు వదిలేస్తే దేన్నైనా పరచవచ్చు.

ఇక మిగిలింది ముగ్గు. మా ఇళ్ల ముందు ముగ్గులుండవు. అది మా వీధికీ పడమటి వీధికీ మధ్య గీత. పెళ్లయినా పేరంటమైనా మా వాకిళ్లు నీళ్లు చల్లి ఊడ్చినంత వరకే. కానీ చూడటానికి ఎవరి అనుమతి కావాలి? పండగ నెల పట్టిందంటే రైతుల వీధి వీధంతా తెల్లారేసరికి తెల్లగా పరుచుకునేది. నేను సైకిలు నడిపించుకుంటూ చూసుకుంటూ పోయేవాణ్ణి. రవికె కొలతలివ్వడానికి వచ్చిన ఒక రైతు ఇంటి పెద్దావిడను అడిగాను.

"అమ్మా, ఐదు మూలలతో ముగ్గు ఉందా?"

"నీకెందుకు నాయనా ముగ్గుల గొడవ? మీ చర్చి అయ్యగారు కోప్పడడా?"

"అడిగినంత మాత్రాన కోప్పడడులేమ్మా."

"ఎదురు చుక్కా, సందు చుక్కా?" అని నన్నే ఎదురు ప్రశ్న వేసింది. ఒక చుక్కకు ఎదురుగా ఒక చుక్క పెడితే ఎదురు చుక్క. రెండు చుక్కల సందులో ఒకటి పెడితే సందు చుక్క. ఆ మాటలు నేను వినడం అదే మొదలు. వేలితో గాలిలో చుక్కలు పెట్టి చూసుకుని ఆమె, "ఐదు రేకులది ఒక్కటైతే ఏస్తా. దాన్నే వాకిలంతా పెంచమంటే రాదు. చుక్కలు మాట ఇనవు" అంది.

చుక్కలు మాట వినవు! నా బొంత చెప్పింది కూడా అదే. ఎదురు చుక్కలంటే నాలుగు, సందు చుక్కలంటే ఆరు. ఐదుకు చుక్కల్లో దారి లేదు. ముగ్గు ఓడిపోయే చోట జిల్లేడు పువ్వు గెలుస్తోంది. ఇంతకన్నా మంచి పాఠం సండే స్కూలు పిలకాయలకు ఏముంటుంది?

ఇక్కడ ఇద్దరిని గురించి చెప్పాలి. మా సంఘానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. కొబ్బరితోట ఆసామి, మా ఊళ్లో మొదట బాప్తిస్మం పుచ్చుకున్న కుటుంబం వాళ్లది. అందరూ పెద్దయ్య అనేవాళ్లం. పాస్టరుగారు నెలకొకసారి నెల్లూరు నుంచి వచ్చి పోయేవారు. మిగతా రోజులు సంఘం పెద్దయ్య చేతి మీద నడిచేది. ఆయన కోడలు విడవలూరు వైపు రైతుల ఇంటి పిల్ల. బాప్తిస్మం తీసుకుని ఆ ఇంటికి వచ్చి ఒక బిడ్డ తల్లి అయి, ఆ బిడ్డ సండే స్కూలుకు వచ్చే వయసైనా, మా ఆడవాళ్ల కళ్లు ఆమె నుదుటి మీద నుంచి దిగలేదు. బొట్టు పెట్టిన మచ్చ ఇంకా ఉందేమోనని చూసేవాళ్లు. శుక్రవారం తల స్నానం చేస్తే అదొక మాట. పసుపు కొమ్ము కొంటే అదొక మాట. ఆమె పాటల పుస్తకం పట్టుకుని అందరికన్నా గట్టిగా పాడేది. ఎందుకంత గట్టిగా పాడేదో నాకు అప్పుడు తట్టలేదు.

క్రిస్మసుకు చర్చికి సున్నం కొట్టించారు. గుల్ల సున్నం కొంత తట్టలో మిగిలింది. ఆ ఆదివారం ఆరాధనకు ముందు చర్చి ముందున్న ఇసుకలో పిలకాయల్ని కూర్చోబెట్టాను. వేలితో గీస్తే వెనకవాళ్లకు కనపడటం లేదని గోల చేశారు. తట్టలో పొడి సున్నం పిడికెడు తీసుకున్నాను. నేను చేసిన తప్పేదైనా ఉందంటే ఆ పిడికెడు సున్నం. దాన్ని కూడా నేను తప్పని ఒప్పుకోను. నల్ల పలక మీద తెల్ల బలపంతో రాయరా?

ఎదురు చుక్కలు పెట్టి చూపించాను. సందు చుక్కలు పెట్టి చూపించాను. తరువాత నడుమ ఒక చుక్క, దాని చుట్టూ సమానమైన ఎడంలో ఐదు.

"ఇప్పుడు ఈ ఐదింట్లో ఒక్కోదాని చుట్టూ మళ్లీ అదే ఎడంతో ఐదేసి పెట్టాల. రండి, పెట్టండి చూద్దాం."

పిలకాయలు ఎగబడ్డారు. ఒకచోట చుక్క చుక్క నెత్తినెక్కింది, ఇంకోచోట ఎడం మిగిలింది.

"వీడు తప్పుగా పెట్టినాడు, మామా!"

"నేనేం తప్పు పెట్టలా, నువ్వే నా చుక్క మింద కాలు పెట్టినావు!"

"ఎవరూ తప్పు పెట్టలా" అన్నాను. "అది రాదు. ఎంత గొప్పవాళ్లు పెట్టినా రాదు. ముగ్గుకు చేతగానిది మీ పెరట్లో పువ్వుకు చేతనయింది. దాన్ని చేసినవాడు ఎవరు?"

అందరూ ఒక్క గొంతుతో జవాబు చెప్పబోతున్నారు. అంతలో గేటు దగ్గర సైకిలు గంట మోగింది. పాస్టరుగారు. ఆయన రావాల్సిన ఆదివారం అది కాదు. నేను లేచి, చేతులు పంచెకు తుడుచుకుని ఎదురు వెళ్లాను. వందనాలన్నాను, సైకిలు పట్టుకున్నాను, ఎండ ఎలా ఉందో దారి ఎలా ఉందో నాలుగు మాటలు మాట్లాడుకున్నాం. ఆ నాలుగు మాటల్లో జరిగిపోయింది.

తిరిగి చూసేసరికి నడుమ ఐదు చుక్కల చుట్టూ తెల్లటి గీత. ఎక్కడా తెగలేదు. ఒక్కో చుక్క చుట్టూ మెలి తిరిగి, పక్క చుక్కకు దాటి, బయలుదేరిన చోటుకే వచ్చి చేరింది. ఐదు రేకులు. నిజం చెప్పాలంటే నేను మొదట భయపడలేదు. అబ్బ, ఏం చెయ్యి, అనుకున్నాను. ఇసుక మీద సున్నం పొడితో అంత సన్నటి గీత పడాలంటే రెండు వేళ్ల మధ్య పొడి జారే లెక్క తెలియాలి. అది చూసి నేర్చుకునేది కాదు, చెయ్యి పట్టుకుని ఎవరో నేర్పాలి.

పాస్టరుగారు పట్నం మనిషి. ఆయన మాట ఎప్పుడూ మెత్తగా ఉండేది. ఆ రోజు మెత్తగా లేదు.

"ఏమిటండీ ఇది? దారి పొడవునా ఇవే చూసుకుంటూ వచ్చాను. మన గుడి ముందు కూడానా?"

గోల విని పెద్దయ్య లోపలి నుంచి వచ్చాడు. ఆయన పాస్టరుగారిని చూడలేదు, నన్ను చూడలేదు. పిలకాయల్లో ఉన్న తన మనవరాలిని చూశాడు. ఆ పిల్ల రెండు వేళ్లూ తెల్లగా ఉన్నాయి. ఆయన ఆ పిల్లను దగ్గరకు తీసుకున్నట్టు తీసుకుని, భుజం మీది కండువా కొసతో ఆ వేళ్లు తుడిచాడు. తుడుస్తూనే చెప్పాడు:

"దర్జీ పని, అయ్యగారూ."

ఆ సాయంత్రమే పెద్దలు కూర్చున్నారు. నన్ను నిలబెట్టారు. పెద్దయ్య అడిగాడు:

"చుక్కలు పెట్టినావా, లేదా?"

"పెట్టినాను."

మూలన కూర్చున్న చెవిటి తాత ఒకాయన ఉలిక్కిపడి, "ఏందీ, చుక్కేసుకున్నాడా? ఆదివారం పూటా? ఈ నా బట్టకు యాడ దొరికిందిరా, గవర్నమెంటోళ్లు సారా అంగళ్లన్నీ మూసేసినారు గదా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వడం నాకు మంచిది కాలేదు.

"నవ్వులాట కాదు" అన్నాడు పెద్దయ్య. "సున్నంతో పెట్టినావా, లేదా?"

"పెట్టినాను. కానీ కలపలా. కలపని చుక్కలు ముగ్గు గాదు. అది ముగ్గుకు చేతగాని పని అని చెప్పేదానికే పెట్టినాను. పిలకాయల్ని పిలిచి అడగండి, నేనేం పాఠం చెప్పినానో చెబుతారు."

"పిలకాయల్ని ఇందులోకి తేవద్దు."

"అయితే కలిపిందెవరు, పెద్దయ్యా?"

ఆయన నా మొహం చూడకుండా గోడకు తగిలించిన గడియారం చూశాడు. "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. ప్రార్థన అయ్యేసరికి నా సండే స్కూలు పోయింది.

పిల్ల పేరు నేను బయట పెట్టలేదు. చెప్పాల్సింది నేను కాదు, ఆయన. పిల్లకు నాలుగు దెబ్బలు పడతాయని వెనకేసుకొచ్చాడు, సరే, తాతన్నాక ఆ మాత్రం చేస్తాడు. పెద్దతనం పోతుందని దాచాడు, అది కూడా అర్థమవుతుంది. కానీ నా పాఠం మాటేమిటి? నేను ఊరికే ఇంట్లో కూర్చుని కథ అల్లి చెప్పలేదు. ఏళ్ల తరబడి గుడ్డలు కోసి, కాయలు కోసి, గుల్లలు ఏరి పట్టుకున్న మాట అది. మనిషి మనసులో ఒక పాఠం తయారు కావడానికి ఎంత కాలం పడుతుందో చెప్పించుకున్నవాళ్లకు తెలియదు, చెప్పినవాడికి తెలుసు. దాన్ని సున్నంతో పాటు ఊడ్చి పారేశారు.

తరువాతి ఆదివారం నుంచి పెద్దయ్యే సండే స్కూలు చెప్పాడు. వాక్యాలు అప్పజెప్పించుకోవడమే పాఠం. నేను చర్చి మానేస్తానని చాలామంది ఎదురుచూశారు. నేనెందుకు మానతాను? అంతవరకూ గోడవారగా కూర్చునేవాణ్ణి, అప్పటినుంచి ముందు వరసకు మారాను. ఆరాధన ముగిసి పెద్దయ్య గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెయ్యి కలిపేటప్పుడు నేనూ చెయ్యిచ్చి, చెయ్యి వదలకుండా అడిగేవాణ్ణి.

"కలిపిందెవరు, పెద్దయ్యా?"

"ప్రార్థన చేసుకో అబ్బయా."

ప్రతి ఆదివారం కాదు. మరిచిపోయానని ఆయన అనుకునే సమయం చూసి అడిగేవాణ్ణి. మా ఆవిడకు తల కొట్టేసినట్టుండేది.

"ఆయప్ప చెయ్యి పట్టుకుని అట్ట నిలబడతావేంది, అప్పిచ్చినోడి మాదిరి? నిన్ను చూసి నాకు సిగ్గవతాది."

"నేను తప్పు జెయ్యలా."

"చెయ్యలేదని ఊరంతా తెలుసు. తెలిస్తే చాలదా?"

"చాలదు. ఆయన నోటితో చెప్పాల."

"చెబితే ఏం జేస్తావ్? పటం కట్టించుకుంటావా?"

సండే స్కూలు పోయినా పిలకాయలు పోలేదు. బడి వదలగానే షాపు ముందు చేరేవాళ్లు. నా మాట తప్పని చూపించడానికి పోటీలు పడి తెచ్చేవాళ్లు: ఆరు రేకుల నందివర్ధనం, రెండు కాయలు అంటుకుపోయిన బెండకాయ. ఒకడు నాలుగు చేతుల చుక్క చేపను తెచ్చి, "ఇప్పుడేమంటావు మామా?" అని గెలిచినట్టు నిలబడ్డాడు. తిప్పి చూస్తే ఐదో చెయ్యి తెగిన చోట గోరంత మొలక. "అది తనకు నాలుగని ఒప్పుకోలేదు, చూడు. మళ్లీ ఐదు చేసుకుంటా ఉండాది" అన్నాను. ఆ రోజు ఆ గోరంత చెయ్యి నాకు ఇచ్చినంత ధైర్యం సంఘంలో ఎవరూ ఇవ్వలేదు.

పెద్దయ్య మనవరాలు మాత్రం షాపు దగ్గరకు వచ్చేది కాదు. రానిచ్చేవాళ్లు కాదు. ఒక్కసారి అమ్మతో కలిసి పోతూ, అమ్మ రెండడుగులు ముందుకు వెళ్లాక, వెనక్కి తిరిగి అడిగింది.

"మామా, ఐదుతో పెంచితే నడుమ ఎడం మిగల్తాది గదా, ఆ ఎడాన్ని ఏం జెయ్యాల?"

"లాగి కుట్టు. గుడ్డయితే బంతి అవతాది."

"ముగ్గయితే?"

అంతలో వాళ్లమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. లాక్కుపోతూ నావైపు చూసిన చూపులో కోపం లేదు. భయం ఉంది. దర్జీ షాపు చూసి ఎవరైనా భయపడతారా? అప్పుడైనా నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది అంటారేమో. నేను ఆలోచించింది ఒకటే: నన్ను తీసేయడమే కాకుండా నన్నొక అంటురోగంలా చేశాడీ పెద్దమనిషి. నా కోపం ఇంకా పెరిగింది.

అరవైల నడుమకు వచ్చాం. పాత పాస్టరుగారు బదిలీ అయ్యారు, కొత్తాయన వచ్చారు. చెవిటి తాత పోయాడు. పిలకాయలు మీసాలొచ్చి ప్యాంట్లు కుట్టించుకోవడం మొదలుపెట్టారు. ఆ ఏడు మా సంఘం ఆడవాళ్లందరూ చేరి స్త్రీల సమాజానికి పెద్దగా ఎవరిని పెట్టుకుందామని కూర్చున్నారు. ఇంటికొచ్చి మా ఆవిడ చెప్పింది, పెద్దయ్య కోడల్ని పెట్టుకున్నారని. ఒక్కరు కూడా కాదనలేదట. కాన్పులకు తోడుండేది ఆమె, జబ్బు పడ్డ ఇంటికి గంజి పంపేది ఆమె, ఇక ఎవరిని పెడతారు? ఆమె నుదుటి మీద నుంచి కళ్లు ఎప్పుడు దిగిపోయాయో చూసినవాళ్లకే తెలియలేదు.

ఆ మర్నాడు పొద్దున పెద్దయ్య మా షాపుకు వచ్చాడు. చేతికర్ర పట్టుకుని, ఒక్కడే. చేతిలో గుడ్డ ఏమీ లేదు. బల్ల తుడిచి కూర్చోమన్నాను. మంచినీళ్లిస్తే తాగాడు. ఇన్నేళ్లలో ఆయన నా షాపు మెట్టెక్కడం అదే మొదలు. అంత దూరం నడిచొచ్చిన మనిషిని అడగకూడదని ఎవరైనా అంటారు. నేను మిషను ఆపి అడిగాను.

"కలిపిందెవరు, పెద్దయ్యా?"

ఆయన ప్రార్థన చేసుకోమనలేదు. తరువాత ఆయన చెప్పిన మాట విని నా కోపం కరిగిపోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నా పాఠం నాకు తిరిగి రాలేదు. ఆ ఆదివారం ఇసుకలో కూర్చున్న పిలకాయలకు నేను చెప్పబోయిన చివరి మాట చెప్పనే లేదు. నా వైపు న్యాయం అప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. అయినా నేను ఇన్నేళ్లూ అడిగాను గనక, ఆయన చెప్పింది ఒక్క ముక్క మార్చకుండా రాయడం నా ధర్మం. ఆయన చెప్పింది ఇది:

"కలిపింది మా పిల్లేనని ఆ దినమే తెలుసబ్బయా. దానికి నేర్పిందెవురని ఎనకాలే అడుగుతారని గూడా తెలుసు. నిన్ను తీసేస్తే నీకు మిషనుండాది, నోరుండాది, ఇన్నేండ్లు నా చెయ్యి పట్టుకోని అడిగే రోషముండాది. మా కోడలికి ఆ పొద్దు ఏముండింది, నువ్వే జెప్పు? ఇయ్యాల ఆ యమ్మకు గూడా సంఘముండాది. ఇంక నువ్వు తిట్టు, ఇనుకుంటా కూచుంటాను."